మూడో స్పిన్నరు

మళ్లీ బంతి వాడికే ఇచ్చాడు కెప్టెన్, లంచ్ అయ్యాక మొదటి ఓవరే, వేణుగోపాల్ అక్కడే నిలబడి అరచేతులు ప్యాంటుకు తుడుచుకుంటూ ఎదురుచూస్తున్నా వాడిని దాటుకొని పోయి మరీ వసంతకుమార్ చేతిలో పెట్టాడు, పెట్టి భుజం తట్టాడు కూడా, ఆ తట్టడం తన వీపు మీద చరిచినట్టయి అనసూయమ్మ గ్యాలరీ మెట్టు మీద ఒక్కసారిగా ముందుకు జరిగింది. సిమెంటు కాలిపోతోంది, కింద వేసుకున్న టవలు ఎప్పుడో పక్కకు జారింది, సర్దుకోవాలని తోచడం లేదు, ఎందుకివ్వలేదు వీడికి, పొద్దున వేసిన ఓవర్లలో ఏం తప్పు చేశాడని, ఒక్క ఫోరు పోయింది, అంతే కదా, అదీ బ్యాటు అంచుకు తగిలి పోయిందే గానీ కొట్టింది కాదు. ఇంకో రోజయితే వాడికిచ్చినా ఏమీ అనుకునేది కాదు, ఈ రోజు వేరే, ముంబైలో పెద్దలు కూర్చొని ఇండియా టెస్టు జట్టు పేర్లు తేల్చే రోజు, మధ్యాహ్నం చెప్తారని టీవీలో పొద్దుటి నుంచి ఒకటే పోరు, ఉన్న స్పిన్నర్లలో ఒకతనికి మోకాలు పట్టేసిందట, మూడో స్పిన్నరుగా లెగ్ స్పిన్ వేసేవాడే కావాలట, దేశమంతా వెతికి ఆంధ్రా రంజీ జట్టులో ఇద్దరున్నారని తేల్చారట, ఆ ఇద్దరూ నందికొట్కూరు వాళ్లే, ఇద్దరూ ఇదిగో ఈ కడప గ్రౌండులో తన కళ్లముందే ఉన్నారు, చోటు మాత్రం ఒక్కటే, ఒకడు తన కొడుకు, ఇంకొకడు తన పక్కనే కూర్చొని తీరిగ్గా వేరుశనగ బుడ్డలు ఒలుచుకుంటున్న ఈ రాహేలమ్మ కొడుకు.

"తిను అక్కా, ఉడకబెట్టినవే, ఉప్పు గూడా తక్కువే ఏసినా," అంది రాహేలమ్మ, ఒలిచిన గింజలు కాగితం మీద ఇటు జరుపుతూ.

"వద్దులే, గొంతు దిగదు."

"నిన్నటి నుంచీ నీకేం దిగల్యా. ఆడేది వాళ్లు, అరిగేది నువ్వు."

ఎట్లా నవ్వుతుంది ఈ మనిషి, ఎట్లా దిగుతుంది గింజ ఆ గొంతులో, నర్సమ్మ కదా, ఊళ్లో పిల్లలందరికీ సూదులు వేసి వేసి వాళ్లు ఏడుస్తుంటే నవ్వించి నవ్వించి గుండె రాయి అయిపోయి ఉంటుంది, నిన్న బస్సులో నంద్యాల దాటగానే తన భుజం మీద తల పెట్టి గుర్రు పెట్టింది, మైదుకూరు వచ్చేదాకా లేవలేదు, తను మాత్రం ఎదురుగా వచ్చే ప్రతి లారీ బస్సుకే గుద్దుకుంటుందని ముందు సీటు కమ్మీ పట్టుకొని కూర్చుంది, తాము పోయి చేరకముందే వేణుకు బంతి తగిలి పళ్లు రాలినట్టు, ఆసుపత్రిలో ఎవరూ పక్కన లేనట్టు ఒకటే ఆలోచన, పక్కన ఈమె గుర్రు. పొద్దున లాడ్జిలో లేచి తను తలస్నానం చేసి ఆటో మాట్లాడుకొని దేవుని కడప గుడికి పోయి వచ్చేసరికి ఈమె మంచం మీద కూర్చొని కళ్లు మూసుకొని పెదాలు కదిలిస్తోంది, కళ్లు తెరిచి, ఇద్దరి పేరూ చెప్పి ప్రార్థన చేసినా అక్కా, అంది. ఇద్దరి పేరూ ఎట్లా చెప్తావమ్మా, ఉన్నది ఒక్క చోటు కదా, ఇద్దరికీ ఇమ్మంటే దేవుడు మాత్రం ఏం చేస్తాడు, తను గుడిలో ఒక్క పేరే చెప్పింది, గోత్రం చెప్పింది, నక్షత్రం చెప్పింది, అర్చకుడు ఇంకెవరి పేరైనా ఉందామ్మా అంటే లేదని గట్టిగా చెప్పింది, చెప్పి బయటికి వచ్చాక, మంచి గుణమంటే అదే కాబోలు, ఆ రాహేలమ్మ ఇద్దరికీ అడిగిందే, తను అడగలేకపోయిందే, ఆ మంచితనం ఎక్కువని దేవుడు అటే మొగ్గితేనో అని ఒక భయం, మళ్లీ లోపలికి పోయి రెండో పేరు చెప్దామా అనుకుంది, చెప్పులు వేసేసుకుంది అప్పటికే, పోలేదు.

వసంతకుమార్ నాలుగడుగులు నడిచి, రెండడుగులు పరుగెత్తి చెయ్యి తిప్పాడు, బంతి గాల్లో బొంగరంలా మెరుస్తూ పోయి పడి లోపలికి తిరిగింది, బ్యాటింగు చేసేవాడు కాలు చాపి తడబడ్డాడు, గ్యాలరీలో చప్పట్లు. గూగ్లీ, అది గూగ్లీ, బయటికి పోతుందని అనిపించి లోపలికి వచ్చే బంతి, ఎవరు నేర్పించారు వాడికి ఇది, ఇంతమంది చప్పట్లు కొడుతున్నారే, వీళ్లలో ఒక్కరికైనా తెలుసా? మిద్దె మీద, తాళ్లు, టార్పాలిన్లు అమ్మే తమ అంగడి మిద్దె మీద, ఆకుపచ్చ టార్పాలిన్ బిగించి పరిచి, కొబ్బరితాడు ముక్కను చుట్టగా చుట్టి పెట్టి, బంతి ఆ చుట్టలోనే పడాలని వేణు పొద్దుగూకేదాకా వేసేవాడు, కాలేజీ గ్రౌండులో ఆటలు నేర్పే శివన్న సారు చెప్పిన పద్ధతి అది, కింద అంగట్లో కూర్చున్న తండ్రి నెత్తిన టప్ టప్‌మని పడుతుంటే, ఏయ్, మిద్దె కారతాది రా, అని అరిచేవాడు ఆయన. వసంత్ అప్పుడు లెగ్ స్పిన్ వేసేవాడే కాదు, పరుగెత్తి పరుగెత్తి ఫాస్టుగా వేసేవాడు, నడుం నొప్పి వచ్చి ఆట మానేసి ఇంట్లో కూర్చుంటే వేణునే పోయి పిలుచుకొచ్చాడు, రారా, దీనికి నడుం పనిల్యా, మణికట్టు ఉంటే సాలు అని. ఎవరైనా పిలుస్తారా అట్లా, పోటీకి వచ్చేవాడిని ఇంటికి పోయి చెయ్యి పట్టుకొని తెచ్చుకుంటారా, తన కొడుకే చేశాడు ఆ పని, తను వంటింట్లో మిరపకాయ బజ్జీలు వేస్తూ వింటూనే ఉంది, ఇట్ల సూడు వసంతా, మన చెయ్యి ఎనకవైపు బ్యాటోనికి కనపడాల, అప్పుడు లోపలికి తిరుగుతాది, వాడు బయటికి పోతాదనుకుంటాడు, మొగంలో మాత్రం ఏం తెలియనియ్యగూడదు. తన కడుపున పుట్టినవాడు, చిన్నప్పుడు చక్కెర తిని తినలేదని చెప్పడం కూడా చేతకాక చెయ్యి వెనక్కి పెట్టుకొని నిలబడేవాడు, వాడికి ఆ మోసం బంతి చేతికి రావడానికి రెండు ఎండాకాలాలు పట్టింది, రాహేలమ్మ కొడుక్కి ఆ సాయంత్రమే వచ్చేసింది, బజ్జీల పళ్లెం పట్టుకొని తను మిద్దె మెట్లెక్కేసరికి చప్పట్లు వినిపించాయి, కొడుతున్నది వేణునే.

"ఇద్దరిట్లో ఎవుర్ని తీసుకుంటారంటావప్పా?" ముందు మెట్టు మీద ఒకాయన తన పక్కవాణ్ని అడుగుతున్నాడు, అనసూయమ్మ చెవులు అటు పోయాయి.

"తిప్పేదాంట్లో అయితే వేణుగోపాలే. కానీ ఆ వసంతు బ్యాటింగు గూడా సేస్తాడు గదా. ఇప్పుడంతా అదే సూస్తాండారు."

"అట్లయితే బ్యాటింగు సేసేటోన్నే తీసుకోమను, బౌలింగు యాలకు?"

బాగా అడిగావు నాయనా, నూరేళ్లు ఉండు, అనుకుంది, ముఖం కూడా తెలియని ఆ మనిషి మీద ప్రేమ పొంగింది, కానీ మొదటివాడి మాట ముల్లులా దిగి అక్కడే ఉండిపోయింది, బ్యాటింగు, అవును, అది లేదు వీడికి, బ్యాటు పట్టుకుంటే అంగట్లో తాడు కొలిచే కట్టె పట్టుకున్నట్టే ఉంటుంది, ఫాస్టు బౌలరు పరుగెత్తి వస్తుంటే ఆమె కళ్లు మూసుకుంటుంది, రాత్రి ఫోనులో హెల్మెట్టు గట్టిగా కట్టుకో అంటే, పోయిన మ్యాచ్‌లో రెండు బంతులే ఆడినా గదమ్మా, హెల్మెట్టు ఎచ్చగా గూడా కాల్యా, అని నవ్వుతాడు. నవ్వు ఎట్లా వస్తుంది వీడికి, వసంత్‌కు ఇరవై మూడు, ఈసారి కాకపోతే వచ్చేసారి, వచ్చేసారి కాకపోతే ఆపైసారి, వీడికి ఇరవై ఏడు నిండుతాయి ఉగాదికి, తండ్రికీ కొడుకుకీ మాట అయిపోయింది, రామలింగయ్య కోపంతో అన్నది కాదు, అన్నం తింటూ మెల్లగా అన్నాడు, నేను అడ్డం రాల్యా ఇన్ని రోజులు, ఈ సీజనుతో తేలకపోతే అంగట్లోకి రా నాయనా, నాకు గూడా నడుం పోతాండాది. వీడు తల వంచి, సరే నాయనా, అన్నాడు, ఎదురు చెప్పి ఉంటే బాగుండేది, అరిచి ఉంటే బాగుండేది. ఆ రోజు నుంచి ఆమెకు కళ్లు మూసినా తెరిచినా ఒకటే బొమ్మ, అంగడి గద్దె మీద వేణు కూర్చొని ఉన్నాడు, ఎవరో వచ్చి ఎద్దుకు పగ్గం అడుగుతున్నారు, వాడు ఆ మణికట్టుతోనే తాడును మూర వేస్తున్నాడు, గోడ మీద టీవీలో ఆట వస్తోంది, టీవీలో బౌలింగు వేస్తున్నది వసంతకుమార్, వీడు తలెత్తి చూస్తున్నాడు, చూసి చప్పట్లు కొడతాడు మళ్లీ, కొడతాడు వీడు, ఆ కొట్టడమే ఆమె భరించలేనిది.

రాహేలమ్మ మోచేత్తో పొడిచింది. వసంత్ పరుగెత్తుతున్నాడు, వేణు స్లిప్పులో వంగి నిలబడ్డాడు, కీపరు పక్కన, మోకాళ్ల మీద చేతులు, పొద్దున ఆమె చూసినప్పుడు ఆ మోకాలికి పట్టీ ఉంది, ఏమైందని అడగాలి, బంతి పడింది, బయటికి తిరిగింది, బ్యాటు అంచు చప్పుడు గ్యాలరీదాకా టక్కున వినిపించింది, బంతి వేణు వైపే వస్తోంది, ఎడమ పక్కకు, కిందికి, అందేదే, వదిలెయ్. వదిలెయ్ నాయనా. ఆ మాట ఆమె అనుకున్నది కాదు, ఎవరో లోపల నుంచి అన్నారు, పట్టుకోవద్దు, జారిపోనీ, ఎవరూ నిన్నేమీ అనరు, కష్టమైన క్యాచే, వాడికి ఇంకో వికెట్టు ఎందుకు, నీ చేతులతో నువ్వెందుకు ఇస్తావు. వేణు ఎడమ పక్కకు పడిపోయాడు, దుమ్ము లేచింది, ఆ దుమ్ములోంచి చెయ్యి ఒకటి పైకి లేచింది, చేతిలో బంతి. గ్రౌండంతా ఒక్కసారి కేక. వసంత్ పరుగెత్తుకుంటూ వచ్చి వేణు మీద పడ్డాడు, వేణు వాణ్ని ఎత్తి గిర్రున తిప్పాడు, రాహేలమ్మ అనసూయమ్మ మెడ చుట్టూ చేతులేసి, "మీ వోడు పట్టినాడక్కా! పక్షి మాదిరి పట్టినాడు సూడు!" అని ఊపేస్తోంది, ఆమె ఒంటికి సబ్బు వాసన, బుడ్డల వాసన, అనసూయమ్మ ఆ చేతుల్లో కట్టెలా ఉండిపోయి, వాడు పట్టాడు కదా, నా మాట వాడికి వినబడలేదు కదా, అంత దూరం ఏం వినబడుతుందిలే, అని పదిసార్లు చెప్పుకుంది, కొడుకు క్యాచ్ వదిలెయ్యాలని కోరుకున్న తల్లి ఎవరైనా ఉంటుందా ఈ భూమ్మీద, ఉంటే ఆ తల్లికి ఏమవుతుంది, ఆమెకేమైనా పరవాలేదు, ఆ కొడుక్కి ఏమవుతుంది, మోకాలు నేలకు కొట్టుకుందా, ఎందుకట్లా కుంటుతున్నాడు, కుంటుతున్నాడా లేక దుమ్ము దులుపుకుంటున్నాడా, చెయ్యి సరిగ్గానే ఉందా, బంతి తిప్పే చెయ్యి.

రెండు ఓవర్ల తరువాత కెప్టెన్‌కు ఏం బుద్ధి పుట్టిందో, కొండల వైపు చివర నుంచి వేణుకు ఇచ్చాడు బంతి. ఆమె చేతులు రెండూ ఒడిలో ముడుచుకుంది. వేణు టోపీ తీసి అంపైరుకిచ్చాడు, చొక్కా భుజాల దగ్గర పైకి లాక్కున్నాడు, చిన్నప్పుడు స్కూలుకు పోయేముందు కూడా అట్లాగే లాక్కునేవాడు, అటువైపు నీడలో తెల్లటోపీ పెద్దమనిషి ఒకాయన కూర్చున్నాడు, ఆయన సెలెక్టరో, సెలెక్టరుకు చెప్పే మనిషో, పొద్దుటి నుంచి ఆయన మీద ఒక కన్ను వేసే ఉంచింది, వసంత్ వేస్తున్నప్పుడు ముందుకు వంగి చూశాడు, ఇప్పుడు వెనక్కి ఆనుకున్నాడు, ఎందుకానుకున్నావయ్యా, కాసేపు వంగితే నీ నడుం విరుగుతుందా, టీ తాగుతున్నాడు, అది కూడా ఊదుకొని ఊదుకొని తాగుతున్నాడు. మొదటి బంతి తక్కువ దూరంలో పడింది, కొట్టేశారు, ఫోరు. అయిపోయింది, ఇంక తీసేస్తాడు, అంగడి గద్దె, టీవీ. రెండో బంతి బాగా పడింది, మూడోది ఇంకా బాగా.

"ఆ! వచ్చినాయి వచ్చినాయి!" ముందు మెట్టు మనిషి ఫోను పైకెత్తాడు. "ఆంధ్రా లెగ్ స్పిన్నరంట! మనోడేనప్పా, మనోడే, టెస్టుకు!"

"ఎవురు? పేరేంది?"

"పేరు రాల్యా ఇంకా, అరే, తిరుగుతాండాది ఇది, సిగ్నలు లేదు."

రాహేలమ్మ చెయ్యి ఆమె చెయ్యిని పట్టుకుంది, ఎవరు ముందు పట్టుకున్నారో తెలియదు, ఇద్దరి అరచేతులూ తడిగా ఉన్నాయి, ఆ మనిషి ఫోనును ఆకాశంలోకి చాపి అటూ ఇటూ తిప్పుతున్నాడు, ఎండలో ఆ అద్దం తళుక్కుమంటోంది, అందరూ లేచి ఆయన చుట్టూ మూగారు, మనోడే, మనోడే అంటే ఎవడు, ఇప్పుడు ఈ గడియలో ఇద్దరూ మనవాళ్లే, తను ఇండియా టోపీ పెట్టుకున్న వేణును చూసింది, నీలం టోపీ, దాన్ని పెట్టుకొని వాడు అంగట్లోకి వస్తున్నాడు, రామలింగయ్య తాడు కట్ట కింద పడేసి లేచి నిలబడ్డాడు, మూడు వీధుల జనం, ఆత్మకూరు నుంచి తన అన్నదమ్ములు, అందరూ, తను మాత్రం వంటింట్లో ఒక్కతే కూర్చొని కాసేపు ఏడుస్తుంది, తరువాత బయటికొచ్చి రాహేలమ్మను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంటుంది, నీ కొడుక్కి కూడా వస్తుందిలేమ్మా, చిన్నవాడు, ఎంత వయసుందని, అంటుంది, ఎంత బాగుంటుంది ఆ మాట అనడం, ఎంత మంచిగా అనగలదు తను, ఇప్పటికిప్పుడు అనగలదు, దేవుడా ఆ మాట అనే భాగ్యం నాకియ్యి, వినే భాగ్యం కాదు, ఈమెకు వినడం అలవాటే, ఈమెకు ఓర్పు ఉంది, నవ్వుతుంది, గింజలు తింటుంది, నిద్రపోతుంది, నాకేం లేదు, నాకు ఇదొక్కటే.

"వసంతకుమార్," అన్నాడు ఆ మనిషి.

చెయ్యి అలాగే ఉంది. రాహేలమ్మ చెయ్యే ముందు వదిలింది, వదిలి రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకుంది, అరవలేదు, గంతులు వెయ్యలేదు, అట్లా చేసి ఉంటే బాగుండేది, తిట్టుకోవడానికి ఏదైనా దొరికేది, చేతుల వెనక నుంచి ఎక్కిళ్లు మాత్రం వస్తున్నాయి, ఆ ఏడుపు చూస్తే ఇన్నాళ్లూ ఈమెకు కూడా ఏదీ గొంతు దిగలేదని, బుడ్డలు ఊరికే ఒలిచిందని, బస్సులో కళ్లు మూసుకొని మేలుకొనే ఉందేమోనని ఒక అనుమానం వచ్చింది, ఎవరు గుర్తుపట్టారో ఎట్లా గుర్తుపట్టారో, ఈమేనంట వాళ్లమ్మ, ఈమేనంట, అని జనం ఇటు తిరిగారు, ఎవరో నీళ్ల సీసా ఇచ్చారు, ఎవరో ఫొటో తీస్తున్నారు, ఫొటోలో తను అడ్డం వస్తోందని ఒకడు, "కొంచెం జరుగమ్మా," అన్నాడు. జరిగింది. "శానా సంతోషం రాహేలమ్మా," అంది, తన గొంతేనా అది, అంగట్లో గిరాకీతో మాట్లాడే గొంతు, "శానా సంతోషం."

గ్రౌండులో ఎవరికీ తెలియదు ఈ సంగతి. ఆడేవాళ్ల దగ్గర ఫోన్లుండవు. వేణు నాలుగో బంతికి వెనక్కి నడుస్తున్నాడు, బంతిని ఈ చేతి నుంచి ఆ చేతికి తిప్పి వేసుకుంటూ, వసంత్ ఇప్పుడు స్లిప్పులో నిలబడి వాడికేదో చెప్తున్నాడు, ఇద్దరూ నవ్వుకున్నారు, అదిగో, ఆ గీత లోపల ఇంకా ఇద్దరూ సమానమే, వాళ్లకు తెలిసేదాకా ఏమీ కాలేదు, టీ బ్రేకు రాకుంటే బాగుండు, ఈ ఓవరు అయిపోకుంటే బాగుండు, అంపైరు లెక్క మరిచిపోయి ఇంకో బంతి ఇంకో బంతి అని వేయిస్తూనే ఉంటే, వాడు అట్లా వెనక్కి నడుస్తూ, చొక్కా లాక్కుంటూ, ఇంకా ఆశ ఉన్నవాడిలా. ఎవరు చెప్తారు వాడికి, ఎట్లా చెప్తారు, వాడు నవ్వి అభినందనలు చెప్తాడు, అది తెలుసు, ఆ తరువాత, గదిలో ఒక్కడే ఉన్నప్పుడు, నిన్న ఆ లాడ్జి గదిలో పైన చూసిన ఫ్యాను ఆమె కళ్లముందు కదిలింది, ఛీ, ఛీ, అదేం ఆలోచన, తల విదిలించుకుంది, ఈ రాత్రి వాణ్ని ఒంటరిగా ఉండనివ్వకూడదు. వేణు పరుగెత్తాడు, చెయ్యి తిరిగింది. బంతి ఎప్పటికంటే పైకి లేచింది, లేచి అక్కడే ఆగినట్టు, ఆడేవాడికి రమ్మని చెయ్యి చాపినట్టు నిలిచి, ఒక్కసారిగా కిందికి దిగి, కాళ్ల వెనక ఎక్కడో పడి, అంత దూరం నుంచి అడ్డంగా కోసుకుంటూ వచ్చి, చాచిన బ్యాటు ముందు నుంచి, స్టంపుల మీద నుంచి, వెంట్రుకవాసి తేడాలో పోయింది. కీపరు తల పట్టుకున్నాడు. ఆడేవాడు బ్యాటును చూసుకున్నాడు. ఇరవై ఏళ్లుగా వాడు వేసిన బంతులు ఆమె ఎన్ని చూసింది, మిద్దె మీద, కాలేజీలో, కర్నూల్లో, ఇట్లాంటిది చూడలేదు, చూశారా, అని అరవబోయి పక్కకు తిరిగింది. గ్యాలరీలో ఒక్కరు కూడా తలెత్తి లేరు. అందరూ ఫోన్లలోకి వంగి ఉన్నారు. నీడలో తెల్లటోపీ మనిషి కుర్చీ ఖాళీగా ఉంది. రాహేలమ్మ కళ్లు మూసుకొని ఉంది.

టీకి లోపలికి పోయినవాళ్లలో ఇద్దరూ కాసేపటికి కంచె దగ్గరికి వచ్చారు. ఆమె మెట్లు దిగి పోయింది, వాడి ముఖం, వాడి ముఖంలో ఏముందో ముందు చూడాలి, వేణు నవ్వుతున్నాడు, ఆ నవ్వును అటు తిప్పి ఇటు తిప్పి వెతికింది, ఎక్కడా ఏమీ దొరకలేదు, గూగ్లీ వేసేటప్పుడు కూడా వాడి ముఖంలో ఏమీ దొరకదు.

"సిన్నమ్మా, బిర్యానీ ఎప్పుడు పెడ్తావ్? ఊరికే ఏడిస్తే కుదరదు," అన్నాడు రాహేలమ్మతో.

వసంత్ ఇటు తిరిగాడు. కంచె సందులోంచి చెయ్యి పెట్టి అనసూయమ్మ చెయ్యి పట్టుకున్నాడు. "పెద్దమ్మా, అన్న ఏసిన ఆ నాలుగో బాలు సూసినావా? నేను స్లిప్పులో ఉండా కదా. నా జన్మలో ఏయలేను అది," అన్నాడు. చూసింది వీడొక్కడే. ఇంతమందిలో వీడే చూడాలా, వీడు చూసి చెప్తే తను సంతోషపడాలా.

రాహేలమ్మ కళ్లు తుడుచుకొని దగ్గరికి జరిగింది, గొంతు తగ్గించింది. "అక్కా, ఒక్కమాట. ఇంతమంది వాణ్నే సూస్తాండారు, ఫొటోలు తీస్తాండారు. నా కడుపు ఊరుకోల్యా. మాలో ఇట్లాంటివి సెయ్యగూడదు, మా పాస్టరమ్మకు తెలిస్తే కూర్సోబెట్టి వాక్యం సెప్తాది. ఈడ పెద్దదానివి నువ్వే ఉండావు, నీకంటే అయినోళ్లెవురు? నీ సేత్తో వానికి కొంచెం దిష్టి దియ్యి."

దిష్టి, తనా. వసంత్ అప్పుడే టోపీ తీసి కంచె మీదుగా తల ఇటు వంచేశాడు, చెమటకు జుట్టు తడిసి ఉంది, మెడ మీద ఎండకు కమిలిన మచ్చ, మిద్దె మీద బజ్జీలు తిని నూనె చేతులు టార్పాలిన్‌కు తుడిచేవాడు, కాదనడానికి ఏం చెప్పాలి, ఏమని చెప్పాలి, జనం కళ్లు వీడి మీద పడి అరగంటయినా కాలేదమ్మా రాహేలమ్మా, నా కన్ను ఆ సాయంత్రం మిద్దె మెట్లు ఎక్కినప్పటి నుంచీ ఉంది, నేను తీస్తే పోయేదేనా అది. చేతులు వాటంతట అవే లేచాయి. రెండు అరచేతులూ వాడి తల మీద నుంచి చెంపల మీదుగా కిందికి దించింది, వేళ్లు ముడిచి తన కణతలకు ఆనించుకొని నొక్కింది. పటపటమని అన్ని వేళ్ల మెటికలూ ఒక్కసారే విరిగాయి, కంచె అవతల నిలబడ్డ అంపైరు కూడా తిరిగి చూశాడు.

"యేసయ్యా! ఎంత దిష్టి ఉండాదో సూడు!" అంది రాహేలమ్మ గుండె మీద చెయ్యి పెట్టుకొని. "ఏ పాడు కండ్లో ఏమో!"

అనసూయమ్మ తల ఎత్తలేదు. వసంత్ నవ్వుతూ పక్కకు తప్పుకున్నాడు, ఆ చోట్లోకి వేణు తల వచ్చింది.

"నాకూ తియ్యి మా. నేను గూడా ఆడుతాండా కదా."

వాడి నుదురు వేడిగా ఉంది, జ్వరమా, ఎండా, కనుబొమ్మల దగ్గర దుమ్ము, ఆమె చేతులు మెల్లగా, కావలసిన దానికంటే మెల్లగా, వాడి ముఖం మీద నుంచి దించింది, కణతలకు ఆనించి నొక్కింది. చప్పుడు లేదు. ఇంకా గట్టిగా నొక్కింది, వేళ్లు నొప్పి పుట్టేదాకా. ఒక్కటి కూడా పలకలేదు.

"నా మీద ఎవుని కన్నూ పడల్యాలే మా," అన్నాడు వేణు, నవ్వి, వంచిన తల ఎత్తి టోపీ పెట్టుకున్నాడు. లోపల గంట మోగింది. ఇద్దరూ భుజాల మీద చేతులేసుకొని పరుగెత్తారు, వాడు కొంచెం కుంటుతున్నాడు, నిజంగానే కుంటుతున్నాడు, ఆమె కంచె దగ్గరే నిలబడి, కొంగు చాటున ఆ వేళ్లనే ఒక్కొక్కటిగా పట్టి మళ్లీ మళ్లీ లాగి చూసుకుంటూ ఉంది.